నల్ల కారుకి ఏ వ్యాక్స్

చి. బుజ్జికి నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. కాలువకి నీళ్ళొచ్చాయి. దొడ్లో కర్రావు ఈనింది, పెయ్యదూడ. జున్ను తినేవాడివి నువ్వు లేవని మీ అమ్మ సగం ఎదురింటికి పంపేసింది.

ఇరవై మూడు రోజుల తర్వాత నీ దగ్గర్నుంచి వచ్చింది ఒక్క లైను: "నాన్నా, నల్ల కారు బాగా మెరవాలంటే ఏ వ్యాక్స్ కొనాలి?" అమ్మ మోకాలు ఎలా ఉందని కూడా అడగలేదు. సరే, అడిగావు కదా, చెప్తాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు ఎత్తవు. రాణి పిన్ని మొన్న ఏదో అంది గానీ, అది తర్వాత రాస్తాను.

కార్నోబా వ్యాక్సే కొను. కార్నోబా అంటే బ్రెజిల్ ఈశాన్య భాగంలో పెరిగే ఒక రకం తాటి జాతి చెట్టు. ఎండాకాలంలో ఆకులో తడి ఆరిపోకుండా ఆకు మీదే మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే పొడి రాలుతుంది, దాన్ని కరిగిస్తారు. మన కొబ్బరి చెట్టుకి ఇంత తెలివి లేదు. చుట్టూ నీళ్ళే కదా, దానికేం అవసరం! డబ్బా మీద నూటికి నూరు శాతం కార్నోబా అని ఉంటే నమ్మకు. అచ్చంగా అదే అయితే రాయిలా ఉంటుంది, 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. చేతికి రావడానికే నూనెలూ సాల్వెంట్లూ కలుపుతారు.

రంగుని బట్టి కొనాలి. మన తెల్ల కారు మీద ఏ వ్యాక్స్ పెట్టినా మెరుపులో పెద్ద తేడా కనపడదు, మురికి వదలడమే ముఖ్యం. అందుకని దానికి క్లీనర్ కలిసినది వాడతాను. బావగారి సిల్వర్ కారుకి కార్నోబా దండగ, లోపలి మెటాలిక్ మెరుగు మీద కాస్త మబ్బు కమ్మినట్టుంటుంది. ఆయన సింథటిక్ సీలెంట్, అంటే మైనం బదులు రసాయనాలతో చేసిన పూత, పెడతాడు, అద్దంలా ఉంటుంది. నలుపూ ముదురెరుపూ వేరు. కార్నోబా పెడితే రంగు లోతుగా, నూనె రాసిన జడలా నిగనిగలాడుతుంది. కానీ నలుపు మీద సన్నగీత కూడా దాగదు. గీతలుంటే ముందు పాలిష్ చేయించు, వ్యాక్స్ గీతల్ని పోగొట్టదు. నీ కారుకి క్లీనర్ కలిసినది మాత్రం వద్దు.

కార్నోబా మెరుపు నెలా రెండు నెలలు ఉంటుంది. కారు ఉంచుకునేవాడైతే ఏడాదికి ఐదారుసార్లు పెట్టాలి. ఒక్కసారి మెరిస్తే చాలనుకునేవాడికి ఒక్కసారి చాలు. నువ్వు ఏ రకమో రాస్తే డబ్బా సైజు చెప్తాను.

ఇంకో మాట. ఎండలో పెట్టకు. దీనికి నేనే సాక్ష్యం. మీ అత్తయ్య పెళ్ళికి నర్సాపురం వెళ్ళాలి. సఖినేటిపల్లి రేవులో కార్లని గోదావరి దాటించే పంటు కోసం గంటన్నర ఆగాం. మీ తాతయ్య నల్ల అంబాసిడర్, మిట్టమధ్యాహ్నం, నాకేమో పనీపాటా లేదు. డిక్కీలో పాలిష్ డబ్బా కనపడింది. బానెట్టు నుంచి డిక్కీ దాకా వెన్న రాసినట్టు దట్టంగా పూసేశాను. తుడుద్దామనేసరికి పంటు వచ్చేసింది. అవతలి ఒడ్డు చేరేలోగా అది ఎండి సున్నమైపోయింది. రుద్దితే రాదే! ఆ రోజుల్లో రంగు మీద ఇప్పట్లా క్లియర్ కోటు, అదే రంగుని కాపాడే అద్దం లాంటి పై పూత, ఉండేది కాదు. గట్టిగా రుద్దేకొద్దీ మైనంతో పాటు నలుపు కూడా ఊడొచ్చి నా పట్టుపంచె అంతా మసి. విడిదింటి దగ్గర పెళ్ళికొడుకు మేనమామ చుట్టూ తిరిగి చూసి, "కారుకి వెల్ల వేయించారేంటండీ?" అన్నాడు. తాతయ్య మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మూడే రోజులు. మీ కాలంలో అది ఇరవై మూడయింది.

కాబట్టి నీడలో, కారు చల్లారాక, చేత్తో తాకితే వేడి తగలకూడదు. పలచగా రాయి, ఒక్కో భాగం రాస్తూ తుడుచుకుంటూ వెళ్ళు. మైక్రోఫైబర్ గుడ్డ కింద పడిందా, మళ్ళీ వాడకు, ఇసుక పట్టేస్తుంది. నల్ల ప్లాస్టిక్ అంచుల మీద పడనివ్వకు, తెల్ల మరకలు వదలవు. ముందు బాగా కడుగు. బోరు నీళ్ళతో కడిగితే వెంటనే తుడిచెయ్యి. చేతికి నూనె రాసుకో, నీ చర్మానికి ఏదీ పడదు. వేళకి తిను.

రాణి పిన్ని అన్నది ఏమిటంటే, అమ్మేవాడే కారు కడుగుతాడట. వాళ్ళబ్బాయి ఎవరి దగ్గరో విన్నాడట, మీ ఆఫీసులో కొందర్ని తీసేశారని. నేను నమ్మలేదు. అమ్మ నమ్మిందేమో, రెండు రోజులుగా నా కాఫీలో చక్కెర మర్చిపోతోంది. రాజోలు బ్యాంకులో మా ఇద్దరి పేరా ఉన్నది కదలకుండా ఉంది. ఊరికే రాస్తున్నాను.

రేపు రాత్రి బస్సుకి పార్సిల్ వేస్తున్నాను. ఇరవై కాయలు, పీచు తీయించాను. సున్నుండలు స్టీలు డబ్బాలో ఉన్నాయి, ఆ డబ్బా తిరిగి రావాలి. మూట బరువు, నడుం పట్టుకుంటుంది, ఒక్కడివే ఎత్తకు. తెచ్చుకోవడానికి కారులో వెళ్ళావో ఆటోలో వెళ్ళావో, ఫోన్ చేసి అమ్మకి చెప్పు. పక్కనే ఉంటాను.

నాన్న