తుఫానుకు ముందే తలుపు తట్టిన మా వీధివారికి

మంచు తుఫాను వెళ్లిపోయింది, కరెంటు వచ్చింది, రోడ్డు తెరిచారు. తుఫాను రాత్రుల్లో ఆదుకున్నవారికి అందరూ పేరుపేరునా కృతజ్ఞతలు చెబుతున్నారు. అది న్యాయమే. నేను మాత్రం అంతకు ముందే, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే, మా తలుపు తట్టినవారి గురించి రాస్తున్నాను. వారి చలవ వల్ల మా ఇంట్లో జరగకుండా ఆగిపోయినవి చాలా ఉన్నాయి. జరగనివాటిని ఎవరూ ఫొటోలు తీయరు కాబట్టి ఎవరో ఒకరు రాసిపెట్టాలి.

మొదటి నమస్కారం పక్కింటి పెద్దాయనకు. జీవితమంతా ప్లంబింగ్ పనిలో గడిపిన మనిషి. వస్తూనే "మీ ఇంటికి నీళ్లు ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుంది?" అని అడిగారు. మేం తలా ఒక దిక్కు చూపించాం. ఆయన నవ్వలేదు. వాల్వ్ వెతికి, దాన్ని తిప్పడం పిల్లల చేత కూడా చేయించి, పక్కన ఒక చీటీ కట్టి వెళ్లారు. బయటి కుళాయికి తగిలించిన గొట్టం ఊడదీయించారు. బయటి గోడకు ఆనుకున్న సింకుల కింద అల్మారా తలుపులు తెరిచి ఉంచమన్నారు, ఇంట్లోని వెచ్చదనం పైపులకు తగలాలని. ఆ సింకుల కుళాయిలు సన్నటి ధారగా వదిలి ఉంచమన్నారు.

నీళ్లు వృథా కదా అని మా నాన్నగారు అడ్డుపడ్డారు. అప్పుడు పెద్దాయన కూర్చుని చెప్పిన సంగతి నాకు బాగా నచ్చింది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. అయితే పైపు చాలాసార్లు పగిలేది మంచు ఉన్నచోట కాదట. గడ్డకట్టిన చోటికీ మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటికి ఎటూ దారి ఉండదు, ఆ ఒత్తిడికి పైపు చీలుతుంది. కుళాయి కాస్త తెరిచి ఉంటే ఆ ఒత్తిడి బయటికి పోతుంది. అదీ ఆ సన్నటి ధార రహస్యం. ఒక రాత్రి వంటింటి ధార ఆగిపోయినప్పుడు కూడా ఆయన మాటే పనికొచ్చింది: కుళాయి తెరిచే ఉంచి, వేడినీటిలో ముంచి పిండిన తువ్వాళ్లను కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి పైపుకు చుట్టుకుంటూ పోవడం. మంట మాత్రం దగ్గరికి తేకూడదు. తెల్లారేసరికి నీళ్లు వచ్చాయి, పైపు క్షేమం.

రెండో నమస్కారం ఎదురింటి నర్సు అక్కకు. ఆమె భయం చలి కన్నా చలి కాచుకునే పద్ధతుల మీద ఎక్కువ. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకగది పక్కన దగ్గరుండి పెట్టించారు. బొగ్గులు, కట్టెలు, పెట్రోలు లాంటివి కాలినప్పుడు వచ్చే ఆ విషవాయువుకు రంగు, వాసన ఏవీ ఉండవు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం వస్తే జలుబో అలసటో అనుకుంటాం. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి మొదలైతే కారణం ఆలోచిస్తూ కూర్చోవద్దని, ముందు అందరూ బయటికి వచ్చి ఆ తర్వాత ఫోన్ చేయాలని చెప్పారు. జనరేటర్ ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ అవతలికి పోయేలా ఉండాలి. తలుపు తెరిచి ఉంచినా సరే, గ్యారేజీలో నడపకూడదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయినప్పుడు చలికి తాళలేక గ్యారేజీలో కారు ఇంజిన్ నడిపి, గదిలో బొగ్గులు రాజేసి ప్రాణాలు పోగొట్టుకున్నవారి గురించి ఆమె చెప్పాక మా ఇంట్లో కుంపటి మాట మళ్లీ రాలేదు. గ్యాస్ పొయ్యి కూడా వంట అయిన వెంటనే ఆర్పేశాం. అందరం ఒకే గదిలోకి చేరి, తలుపుకు దుప్పటి వేలాడదీసి, కింది సందులో తువ్వాలు కుక్కుకుని గడిపాం.

అమ్మ ఇన్సులిన్‌ను కిటికీ దగ్గర నుంచి తీయించింది కూడా ఆ అక్కే. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. పెద్దవాళ్లకు వణుకు ఆగిపోతే చలి తగ్గిందని సంబరపడకూడదని, మాట తడబడుతోందా, మత్తుగా ఉన్నారా చూడాలని చెప్పారు. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే అది ప్రాణాపాయమే. ఈ మాటలు నేను కాగితం మీద రాసి గోడకు అంటించాను.

ఇక వీధి చివరి ఇంటి కుర్రాడు. ఇంటింటికీ తిరిగి కాగితం మీద జాబితా రాశాడు: ఒంటరిగా ఉండేది ఎవరు, ఎవరికి ఆక్సిజన్ యంత్రం కావాలి, ఎవరింట్లో కట్టెల పొయ్యి ఉంది, ఎవరి దగ్గర జనరేటర్ ఉంది. ఫోన్లు పనిచేయకపోవచ్చని కాగితమే వాడాడు. ఒంటరివారి వివరాలు అందరికీ తెలియడం మంచిది కాదని ఒక పెద్దావిడ గట్టిగా అభ్యంతరం చెప్పారు, అదీ నిజమే. అందుకని జాబితా రెండు ఇళ్లలోనే ఉంది. ఇళ్లను జతలుగా కలిపాడు. ఉదయం కిటికీ తెర తీస్తే క్షేమం, తీయకపోతే జత ఇంటివారు వెళ్లి తలుపు తట్టాలి. ఇంత సులువైన ఏర్పాటు పెద్ద పెద్ద సమావేశాల్లో కూడా పుట్టదు! ఆక్సిజన్ అవసరమైన తాతగారిని మంచు మొదలవకముందే జనరేటర్ ఉన్న ఇంటికి చేర్చారు. అర్ధరాత్రి చీకట్లో చేయాల్సిన పని పట్టపగలే అయిపోయింది.

మెట్ల మీద ఉప్పుతో పాటు ఇసుక కూడా చల్లినవారికి కృతజ్ఞతలు. మైనస్ 9 డిగ్రీలు దాటాక మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు, ఆ రోజుల్లో కాళ్లకు పట్టు ఇచ్చింది ఇసుకే. గోడలోంచి బయటికి వచ్చే హీటర్ పొగగొట్టాల చుట్టూ మంచు పూడుకోకుండా తవ్వుతూ ఉన్న పిల్లలకూ, గుండె జబ్బున్న మా నాన్నగారి చేతిలోంచి పార లాక్కుని మరీ మంచు ఎత్తిపోసినవారికీ ప్రత్యేకంగా. లాక్కున్నందుకు ఆయన ఇంకా అలిగే ఉన్నారు, పట్టించుకోకండి.

మీరిచ్చిన దుప్పట్లు ఉతికి, నీళ్ల క్యాన్లు కడిగి వరండాలో పెట్టాను. ఎవరివి వారు తీసుకెళ్లండి. నీలం పిడి ఉన్న పొడవాటి పార ఎవరిదో తెలియలేదు, అడిగితే ఇస్తాను. మూల ఇంట్లోకి కొత్తగా వచ్చినవారిని జాబితాలో చేర్చాలి, వారి జతగా మా ఇల్లు రాయమని ఆ కుర్రాడికి చెప్పాను.