కోరంగి రేవు దాటినవాళ్ల ఊళ్లు వెతికిపెట్టండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మారిషస్ అంటే మనవాళ్లకు హనీమూన్ ప్యాకేజీ గుర్తొస్తుంది, లేకపోతే పన్నుల ఒప్పందం. ఒకప్పుడు మనవాళ్లు మా కోరంగి రేవు నుంచి ఆ దేశపు చెరకు తోటలకు కూలీలుగా వెళ్లారు. ఆ సంబంధం గురించి, ఇప్పుడు చేయకపోతే చేజారిపోయే ఒక పని గురించి రాస్తున్నాను. నేను కాకినాడ జిల్లాలో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను.

రెండేళ్ల కిందట మారిషస్ నుంచి ఇద్దరు భార్యాభర్తలు పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ తాళ్లరేవు వైపు వచ్చారు. తెలుగు కూడబలుక్కుని చదువుతారు, మాట్లాడాలంటే తడబడతారు. వాళ్ల చేతిలో ఒక రికార్డు నకలు ఉంది. ముత్తాత పేరు, ఆయన తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా, అక్కడి ప్రభుత్వం ఇచ్చిన నంబరు అన్నీ ఉన్నాయి. ఊరి పేరు మాత్రం ఆనాటి గుమస్తా తన చెవికి వినపడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. ఆ స్పెల్లింగుకు దగ్గరగా ఉన్న ఊళ్లు మూడు తిరిగాం. ఒక ఆఫీసులో అడిగితే అంత పాత రికార్డులు తమ దగ్గర లేవన్నారు, ఎక్కడ ఉంటాయో కూడా చెప్పలేకపోయారు. చివరికి ఆయన మూడు ఊళ్ల బోర్డుల దగ్గరా ఫొటోలు తీయించుకుని, "ఏదో ఒకటి మాదే కదా మాస్టారూ" అన్నారు. ఆ మాట ఇంకా నన్ను వదల్లేదు.

మారిషస్‌లో మొదటినుంచీ ఉన్న జనం అంటూ ఎవరూ లేరు. డచ్చివాళ్లు 1598లో దిగి పేరు పెట్టారు, 1710లో వదిలేసి పోయారు. తర్వాత వచ్చిన ఫ్రెంచివాళ్లు ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలను తెచ్చారు. 1810లో దీవి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. 1835లో బానిసత్వం రద్దు కాబోతుందనగా చెరకు తోటలకు మనుషులు కావాల్సి వచ్చింది. అప్పుడు మన దేశం మీద పడ్డారు. ఐదేళ్ల ఒప్పందం, నెలకు ఐదు రూపాయల కూలి, ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. 1834 నవంబరు 2న మొదలై ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్ల దాకా దాదాపు ఐదు లక్షల మంది అలా వెళ్లారు. ఎక్కువమంది బీహార్ వైపువాళ్లు. మనవాళ్లు కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవుల నుంచి ఓడలెక్కారు. వాళ్ల వెంట సింహాద్రి అప్పన్న, అమ్మోరు, రామభజన వెళ్లాయి. ఈ రోజుకీ అక్కడ ఆ పూజలు జరుగుతున్నాయి, ఉగాది ప్రభుత్వ సెలవు. పోర్ట్ లూయిస్‌లో కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

1968 మార్చి 12న ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. దండి యాత్ర మొదలైన రోజని ఆ తేదీ ఎంచుకున్నారు. కానీ అంతకు మూడేళ్ల ముందే, 1965లో, బ్రిటన్ 30 లక్షల పౌండ్లు ఇచ్చి, మారిషస్ కింద ఉన్న చాగోస్ దీవులను విడదీసింది. వాటిలో ఒకటైన డియెగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1973 నాటికి ఆ దీవుల జనాన్నంతా ఓడలెక్కించి పంపేశారు. చాగోస్‌ను అలా విడదీయడం చట్టబద్ధం కాదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. 2025 మేలో కుదిరిన ఒప్పందంలో కూడా డియెగో గార్సియాను 99 ఏళ్లు బ్రిటన్‌కే వదలాల్సి వచ్చింది. ఊరు పోగొట్టుకోవడమంటే ఏమిటో ఆ దేశంలో దాదాపు ప్రతి ఇంటికీ తెలుసు.

ఇప్పటి కష్టాలూ చిన్నవి కావు. జనాభా పన్నెండున్నర లక్షలు, అంటే మన దగ్గర ఒక జిల్లా అంత. యూరప్ 2006 నుంచి 2009 లోపు చక్కెర ధర 36 శాతం తగ్గించేసరికి చెరకు రైతు కుదేలయ్యాడు. 2020 జులైలో వకాషియో అనే ఓడ పగడపు దిబ్బకు తగులుకుని, సుమారు వెయ్యి టన్నుల చమురు సముద్రంలో కలిసింది. జనం చెరకు ఆకు, కత్తిరించిన జుట్టు బట్టల్లో కుక్కి, వాటిని నీళ్లలో కట్టి చమురును ఆపారు. అక్కడి మడ అడవులకు ఆ చమురు పట్టిన ఫొటోలు చూస్తే నాకు మా కోరంగి మడ అడవులే కళ్లముందు కదిలాయి. తుపాన్లు, తీరం కోత సరే సరి. పిల్లలు తక్కువ పుడుతున్నారు, చదువుకున్నవాళ్లు బయటి దేశాలకు పోతున్నారు. ఇంట్లో మాట ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష, బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి. తెలుగు ఐచ్ఛికంగా చదివేవాళ్లు చదువుతున్నారు. నా దగ్గరికి వచ్చిన ఆవిడ, "మా పిల్లలు ఊరు వెతకడానికి రారండీ, మాతోనే ఆఖరు" అంది.

అందుకే తొందర. మారిషస్‌లో మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వాళ్ల వైపు రిజిస్టర్లు, కూలీల ఫొటోలతో సహా, భద్రంగా ఉన్నాయి. మన వైపు కాగితాలు మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డుల్లో, పాత జిల్లాల దస్త్రాల్లో చెదిరి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెన్నై ఆర్కైవ్స్‌తో మాట్లాడి వాటిని స్కాన్ చేయించాలి. పాత ఇంగ్లీషు స్పెల్లింగుల పక్కన ఇప్పటి ఊరి పేరు, మండలం రాసిన జాబితా ఒకటి తయారుచేసి ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఊళ్ల పేర్లు పట్టుకోగలిగే పాత టీచర్లు, కరణాల కుటుంబాలవాళ్లు ప్రతి మండలంలో ఇంకా ఉన్నారు. పిలిస్తే నేను జీతం లేకుండా వస్తాను. ఆ మూడు ఊళ్లలో వాళ్లది ఏదో తేలితే ముందుగా ఆ దంపతులకు ఫోన్ చేస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
కాకినాడ జిల్లా.