రాజీనామా మెయిల్ పంపే ముందు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి "రాజీనామా మెయిల్ రాసేశాను నాన్నా, పంపడమే మిగిలింది" అన్నప్పుడు నీ గొంతులో ఏడుపు లేదు. చాలా స్థిమితంగా మాట్లాడావు. నాకు భయం వేసింది అందుకే. బాగా కోపం మీద ఉన్నప్పుడు కోపంగా ఉన్నామనే తెలియదు, అంతా స్పష్టంగా కనిపిస్తున్నట్టే ఉంటుంది. మీ మేనేజరు అందరి ముందు నిన్ను అంత మాట అనడం తప్పే, అందులో నాకు రెండో మాట లేదు.

నేను స్టేషన్ మాస్టరుగా ఉన్నప్పుడు, గేటు మూశాక గేట్‌మన్ ఫోన్లో ప్రైవేట్ నంబరు, అంటే గేటు మూసినట్టు రుజువుగా ఇచ్చే రహస్య సంఖ్య, చెప్పాలి. దాన్ని రిజిస్టర్లో రాసుకున్నాకే సిగ్నల్ ఇవ్వాలి. అవతల బండి లేటని కంట్రోల్ వాళ్లు అరుస్తున్నా సరే. కొత్తలో విసుగొచ్చేది. ఇంట్లో గొడవపడి డ్యూటీకొచ్చిన రోజున కూడా బండి భద్రంగా పోవాలనే ఆ రూలు పెట్టారు.

స్పెయిన్ దీవి టెనెరిఫేలో జరిగిన విమాన ప్రమాదం గురించి చదివే ఉంటావు. 1977 మార్చి 27న కేఎల్ఎం, పానామ్ అనే సంస్థల విమానాలు రెండు అక్కడి రన్‌వే మీద ఢీకొన్నాయి. కేఎల్ఎం కెప్టెన్ మిగతా పైలట్లకు శిక్షణ ఇచ్చేంత అనుభవం ఉన్నవాడు. విమానాన్ని దారి మళ్లించడంతో అక్కడ గంటల తరబడి ఇరుక్కుపోయాడు. డ్యూటీ గంటల పరిమితి దగ్గర పడుతోంది, పైగా పొగమంచు. టేకాఫ్‌కి అనుమతి రాకుండానే కదిలాడు. "ఆ పానామ్ విమానం ఇంకా రన్‌వే మీంచి తప్పుకోలేదా?" అని ఫ్లైట్ ఇంజినీరు అడగనే అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా అనేసరికి మళ్లీ ఎవరూ నోరెత్తలేదు. 583 మంది పోయారు. అంతటి మనిషికి కూడా బయల్దేరాలన్న తొందర తప్ప ఇంకేమీ వినపడలేదు.

నువ్వేమో రిలీజు పేరుతో వరసగా రాత్రుళ్లు మేలుకున్నావు. నిద్ర లేని బుర్రకు భరించడం, మానేయడం రెండే దారులు కనిపిస్తాయి. వేరే టీమ్‌కి మారే వీలుందని పోయిన నెల నువ్వే చెప్పావు. నిన్న ఆ ఊసే ఎత్తలేదు, గమనించావా?

కోపం దిగమింగమనడం లేదు. అక్కడేదో సరిగా లేదని నీకు ముందు చెప్పింది అదే. ఏం చెయ్యాలో మాత్రం దాన్ని అడగకు.

మెయిల్ డ్రాఫ్ట్‌లోనే ఉంచు. రెండు రాత్రులు నిద్రపోయి, ఆదివారం ఫోన్ చేసి నాకు చదివి వినిపించు. అప్పటికీ పంపాలనిపిస్తే పంపెయ్, నేను ఆపను. కొత్త ఉద్యోగం దొరికేదాకా ఇంటి అద్దె సంగతి మనం చూసుకుందాం.

మీ నాన్న