టైమ్ రాసేటప్పుడు ఊరి పేరు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

నవంబర్ మొదటి ఆదివారం దగ్గర పడుతోంది. ఆ రోజు అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఇక అప్పటి నుంచి మన దగ్గర ఆన్‌లైన్‌లో సంగీతం, కూచిపూడి, తెలుగు, లెక్కలు చెప్పే టీచర్లందరికీ రెండు మూడు వారాల పాటు ఒకటే గందరగోళం. నేను సంగీతం నేర్పుతాను, ప్రతి ఏడాదీ చూస్తున్నాను, తోటి టీచర్లు కూడా ఇదే చెబుతారు. టీచర్ శ్రుతిపెట్టె ఆన్ చేసుకుని పొద్దున్న ఆరున్నరకు కూర్చుంటుంది, డాలస్‌లో అప్పటికి ముందు రోజు రాత్రి ఏడే అయింది, పాప ఇంకా ఈత క్లాసు నుంచి రాలేదు. పాప ఎనిమిదికి లింక్ నొక్కేసరికి ఇక్కడ క్లాసు అయిపోయింది. తల్లిదండ్రులకు కోపం, టీచర్‌కు టెన్షన్, ఫీజు తగ్గించాలా అన్న వాదన వేరే. ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు, క్యాలెండర్ యాప్‌లో ఒక్క సెట్టింగ్ సరిగా లేదు, అంతే. దాని గురించి మీ పేపర్లో రాయమని అడగడానికే ఈ ఉత్తరం.

మన దేశమంతటికీ ఒకటే టైమ్. ఎప్పుడో యుద్ధాల రోజుల్లో తప్ప మనం గడియారాలు ముందుకూ వెనక్కూ తిప్పింది లేదు, కాబట్టి "డాలస్‌కీ మనకీ పదిన్నర గంటలు తేడా" అని ఒకసారి తెలుసుకుంటే అది ఎప్పటికీ అంతే అనుకుంటాం. నిజానికి డాలస్‌తో తేడా వేసవిలో పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. లండన్‌కు నాలుగున్నర, తర్వాత ఐదున్నర. ఆస్ట్రేలియాలో ఇదే తిరగబడుతుంది. సిడ్నీలో అక్టోబర్ మొదటి ఆదివారం గడియారం ముందుకు జరుగుతుంది, అంటే వాళ్ళు మనకంటే నాలుగున్నర గంటలు ముందున్నవాళ్ళు ఐదున్నర గంటలు ముందుకు వెళ్తారు.

ఇప్పుడు ఒక టీచర్ ఆదివారం పొద్దున్న చూడండి. డాలస్ పాపకు అక్కడి శనివారం రాత్రి 8 గంటల క్లాసు, మనకు ఆదివారం 6:30. సిడ్నీ బాబుకు అక్కడి ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట, మనకు 8:30. వేసవి అంతా మధ్యలో కాఫీ తాగేంత తీరిక ఉంటుంది. అక్టోబర్‌లో సిడ్నీ క్లాసు మనకు 7:30కి వచ్చేస్తుంది, నవంబర్‌లో డాలస్ క్లాసు కూడా 7:30కి జరుగుతుంది, రెండూ ఒకే టైమ్‌కి ఢీకొంటాయి! రెండు ఇళ్ళల్లోనూ ఎవరూ టైమ్ మార్చలేదు, వాళ్ళ వాళ్ళ గడియారాల ప్రకారం క్లాసు ఎప్పటి టైమ్‌కే ఉంది. ఇది ఆదివారం పొద్దున్నే తెలిస్తే ఎవరినో ఒకరిని బతిమాలుకోవాలి. సెప్టెంబర్‌లోనే క్యాలెండర్ చూపిస్తే సర్దుకోవచ్చు.

చూపించాలంటే క్లాసును ఇండియా టైమ్‌లో పెట్టకూడదు. చాలామంది మనసులో లెక్క వేసుకుని "ఆదివారం 6:30, ప్రతి వారం" అని పెట్టేస్తారు, యాప్ పాపం దాన్నే నమ్ముతుంది, నవంబర్ తర్వాత కూడా 6:30 అనే చూపిస్తుంది. గూగుల్ క్యాలెండర్‌లో ఈవెంట్ పెట్టేటప్పుడు టైమ్ దగ్గరే టైమ్ జోన్ అని ఉంటుంది, అక్కడ ఇండియా తీసేసి సెంట్రల్ టైమ్, షికాగో అని ఎంచుకుని, శనివారం రాత్రి 8 అని పెట్టాలి. డాలస్ పేరు కోసం వెతకక్కర్లేదు, షికాగోదీ డాలస్‌దీ ఒకటే టైమ్. పాత ఈవెంట్‌నే మార్చేవాళ్ళు జోన్ మార్చాక రోజు, గంట కూడా సరిచూసుకోవాలి, సేవ్ చేసేటప్పుడు ఈ ఈవెంట్, ఇక మీదట వచ్చేవి అన్న ఆప్షన్ ఎంచుకుంటే గడిచిన క్లాసుల రికార్డు చెదరదు. ఆ తర్వాత నవంబర్ వారాలకు వెళ్ళి చూడండి, క్లాసు దానంతట అదే 7:30కి జరిగి ఉంటుంది. ఎవరి ఊరి టైమ్ ప్రకారం పెట్టాలి అంటే, నా ఉద్దేశంలో పిల్లల ఊరి ప్రకారమే. స్కూలు, హోంవర్క్, నిద్ర అన్నీ వాళ్ళ గడియారం మీద నడుస్తాయి కదా.

కంప్యూటర్‌లో అయితే సెట్టింగ్స్‌లో రెండో టైమ్ జోన్ కూడా పెట్టుకోవచ్చు, మన గంటల పక్కనే అక్కడి గంటలు కనిపిస్తాయి. ఔట్‌లుక్ క్యాలెండర్‌లోనూ ఇలా అదనపు టైమ్ జోన్లు పెట్టుకోవచ్చు. వాట్సాప్‌లో టైమ్ టైప్ చేసే బదులు తల్లిదండ్రుల ఈమెయిల్‌కు ఇన్వైట్ పంపితే ఇంకా మేలు, ఎవరి ఫోన్‌లో వాళ్ళ టైమ్ కనిపిస్తుంది, లెక్కలు వేసే పని ఎవరికీ ఉండదు.

అమెరికా పిల్లలందరికీ కలిపి "వచ్చే వారం నుంచి క్లాసు గంట మారుతుంది" అని ఒకే మెసేజ్ పెట్టడం కూడా తప్పే. అరిజోనాలో చాలా భాగం గడియారం మార్చదు, ఫీనిక్స్ పిల్లలకు ఏడాదంతా మనతో పన్నెండున్నర గంటల తేడానే. యూరప్‌లో అక్టోబర్ చివరి ఆదివారమే మారుస్తారు, అమెరికా వారం తర్వాత మారుతుంది. మార్చిలో అమెరికా ముందు, యూరప్ రెండు మూడు వారాలు వెనక. లండన్, న్యూజెర్సీ పిల్లలు కలిసి కూర్చునే క్లాసు ఆ మధ్య వారాల్లో ఇద్దరిలో ఒకరికి తప్పుతుంది.

ఇక పత్రికల సంగతి. సాహిత్య సభల, వెబినార్ల ప్రకటనల్లో జూలైలో కూడా "రాత్రి 8 ఈఎస్‌టీ" అని వస్తోంది. ఈఎస్‌టీ అంటే న్యూయార్క్ చలికాలం టైమ్, వేసవిలో అక్కడ నడిచేది దానికంటే గంట ముందుండే ఈడీటీ, ఈఎస్‌టీ అని నమ్మి లెక్క వేసినవాళ్ళు గంట ఆలస్యంగా వస్తారు. మన ఇండియా టైమ్‌ను ఐఎస్‌టీ అన్నా చిక్కే, డబ్లిన్‌లో ఉండే మనవాళ్ళకు వేసవిలో ఐఎస్‌టీ అంటే ఐర్లండ్ టైమ్. రాహుకాలం ఊరిని బట్టి మారుతుందని తెలిసి, అమెరికాలో ఉన్నవాళ్ళు వాళ్ళ ఊరి పంచాంగమే చూసుకుంటారు. సభ టైమ్ కూడా అలాగే ఊరి పేరుతో రాయండి. "న్యూయార్క్‌లో శనివారం రాత్రి 8, హైదరాబాద్‌లో ఆదివారం ఉదయం 5:30" అంటే ఎవరికీ అనుమానం రాదు. రోజు పేరు రెండు చోట్లా తప్పకుండా ఉండాలి, సగం పొరపాట్లు శనివారమా ఆదివారమా అన్న దగ్గరే.

అలాగే అక్టోబర్ చివరి వారంలో, మార్చి మొదటి వారంలో ఏ దేశంలో ఏ తేదీన గడియారం మారుతుందో, మనతో తేడా ఎంత అవుతుందో ఒక చిన్న బాక్స్ వేయండి. పిల్లలు బయట ఉన్న తల్లిదండ్రులకూ, నైట్ షిఫ్ట్ ఉద్యోగులకూ, మా టీచర్లకూ అది కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకునేంత పనికొస్తుంది.

ఇట్లు,
ఒక సంగీతం టీచర్,
రాజమహేంద్రవరం