బ్రేకింగ్ రోజంతా, సవరణ ఒక్క లైను

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ పక్కన ఐదంతస్తుల బిల్డింగ్ లేస్తోంది. సెంట్రింగ్, రాడ్ బెండింగ్ అంతా బిహార్, ఒడిశా కుర్రాళ్లదే. మొన్నామధ్య మా వాట్సాప్ గ్రూపులో ఒక టీవీ క్లిప్ పడింది. ఎక్కడో దొంగతనం. అడుగున ఎర్రపట్టీ మీద ‘బిహార్ గ్యాంగ్?’ అని. ఆ ప్రశ్నార్థకాన్ని ఎవరు పట్టించుకుంటారండీ? మర్నాడు ఆ కుర్రాళ్లు నీళ్ల క్యాన్లతో వస్తే వాచ్‌మన్ గేటు తియ్యలేదు. ఏడాదిగా మా బోరు కుళాయి దగ్గరే పట్టుకుంటున్నారు. వారం తర్వాత దొరికిన దొంగలు ఈ చుట్టుపక్కల వాళ్లే. ఆ సంగతి స్క్రోలింగ్‌లో ఒక్క లైను.

మనవాడు దొంగతనం చేస్తే వాడి పేరు చెబుతారు. బయటివాడు చేస్తే వాడి రాష్ట్రం పేరు చెబుతారు. తేడా అక్కడే మొదలవుతుంది.

ఆ క్లిప్ పెట్టిన పెద్దాయన కొడుకు డాలస్‌లో హెచ్-1బీ మీద ఉన్నాడు. 2025 సెప్టెంబర్ 19న ట్రంప్ లక్ష డాలర్ల ఫీజు ఉత్తర్వు మీద సంతకం పెడితే ఆయనకు రాత్రంతా నిద్ర లేదు. ఏటా కట్టాలని ఆ దేశ వాణిజ్య మంత్రే అన్నాడు కాబట్టి మొదటి తప్పు చానళ్లది కాదు. మర్నాడే వైట్‌హౌస్ కొత్త దరఖాస్తులకే, అదీ ఒక్కసారే అని తేల్చింది. ఆయన చూసే చానల్లో మాత్రం ఆ సాయంత్రం దాకా సైరన్ మ్యూజిక్ మోగుతూనే ఉంది. వలస వెళ్లినవాడి మీద వార్త ఎలా పడుతుందో ఆయనకు తెలుసు. అయినా క్లిప్ పెట్టాడు.

2023 మార్చిలో తమిళనాడులో బిహారీలను చంపుతున్నారంటూ వీడియోలు తిరిగాయి. అబద్ధమని అక్కడి పోలీసులు చెప్పినా సరిపోలేదు, బిహార్ ప్రభుత్వం అధికారులను పంపి చూసుకోవాల్సి వచ్చింది.

1994 కేబుల్ టీవీ నియమాల్లో ఆరోది అర్ధసత్యాలు ప్రసారం చేయకూడదంటుంది. 2021 సవరణ ప్రకారం ఫిర్యాదు ముందు చానల్‌కే చేయాలి, జవాబుకు 15 రోజులు. ఈలోగా క్లిప్ ఎన్ని గ్రూపులు తిరుగుతుందో మీకు తెలియనిది కాదు.

ఏది నిజమో సర్కారే తేల్చాలని నేనడగను. ఆ అధికారం మీ చేతికొస్తే ముందు భయపడేది నేనే. అడిగేది చిన్నది: తప్పని తేలిన వార్త ఏ వేళకు, ఎంత అక్షరాల్లో, ఎన్నిసార్లు వేశారో, సవరణా ఆ వేళకే, అంతే అక్షరాల్లో, అన్నిసార్లు వేయాలని నియమంలో చేర్చండి. ఎవరిదో రాష్ట్రాన్నో, దేశాన్నో హెడ్డింగ్‌లోకి లాగిన వార్తలకైనా ముందు పెట్టండి.

ఆ కుర్రాళ్లు ఇప్పుడు రెండు వీధుల అవతలి నుంచి నీళ్లు మోసుకొస్తున్నారు. గేటు తియ్యమని వాచ్‌మన్‌కు నేను చెప్పాను. కమిటీ వాళ్లు చెప్పాలన్నాడు.

ఇట్లు,
ఒక టీవీ ప్రేక్షకుడు