సోఫియాలో బనిట్సా ఎక్కడ దొరుకుతుందో చెప్పలేని మీ కస్టమర్ కేర్ గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

మీ బల్గేరియా ప్యాకేజీలో "సోఫియాలో సంప్రదాయ టిఫిన్, వేడివేడి బనిట్సా" అని ఫోటో వేసి మరీ రాశారు. తీరా హోటల్లో పెట్టింది బ్రెడ్డు, జామ్, కార్న్‌ఫ్లేక్స్. సరే, పోనీ అనుకున్నాం. మంచి బనిట్సా ఎక్కడ దొరుకుతుందో చెప్పండి చాలు, మా డబ్బులతో మేమే వెళ్లి తింటాం అన్నాం.

వాట్సాప్‌లో అడిగితే "మీ సందేశం మాకెంతో విలువైనది" అని మెషీన్ జవాబు. ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, మధ్యలో మీ ప్రకటనల పాట, చివరికి దొరికినాయన "బనిట్సానా, ఆ ఊరు మీ ప్యాకేజీలో లేదండీ" అన్నాడు! ఇంకో అమ్మాయి టూర్ మేనేజర్‌ని అడగమంది, ఆయనేమో అది ఆఫీసు వాళ్లు చూడాలన్నాడు, ఆఫీసు మళ్లీ ఆయన దగ్గరికే పంపింది. మా అమ్మ గుడ్డు తినదు, అందులో గుడ్డు వేస్తారా అంటే "ప్యూర్ వెజ్ మేడమ్, చికెన్ ఉండదు" అట. నిజానికి బనిట్సాలో పల్చటి పిండి పొరల మధ్య సిరెనె అనే తెల్ల చీజు, పెరుగుతో పాటు గుడ్లు కూడా కలిపి పెట్టి కాలుస్తారు. అమ్మే ముందు అదేమిటో మీ వాళ్లకు చెప్పొచ్చుగా?

చివరికి జెన్‌స్కీ పజార్ అనే అక్కడి మార్కెట్ వైపు మేమే నడిచాం. పొద్దున్నే ఆఫీసులకెళ్లేవాళ్లు చిన్న బేకరీల్లో కొనుక్కుని నడుస్తూనే తినేస్తున్నారు, అదీ అసలు జవాబు, ఒక్క వాక్యం. అక్కడి ఆవిడకు మన ఇంగ్లీషు రాదు, అయినా విసుక్కోకుండా అన్నీ చూపించి, తోడుగా బోజా కూడా ఇచ్చింది (పులిసిన ధాన్యంతో చేసే చిక్కటి పానీయం, మా ఆయన ఒక్క గుక్కతో ఆపేశారు). అమ్మ ఆ పూట పెరుగుతో సరిపెట్టుకుంది. ఆ దేశంలో తల అడ్డంగా ఊపితే అవునని అర్థం. మీ వాళ్లు ఎటు ఊపినా కుదరదనే.

కాశీకి మీతోనే వెళ్లాం, దుబాయ్‌కీ మీతోనే. మా ఆడపడుచు వాళ్లనీ మీకే అప్పజెప్పాను. దానికి ఇదా మర్యాద?

టిఫిన్ డబ్బులు వెనక్కిస్తారో ఇంకేం చేస్తారో మీరే తేల్చుకోండి, కానీ ఈసారి మనిషన్నవాడు ఫోన్ చేయాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను, అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కే వెళ్తాను, స్క్రీన్‌షాట్లన్నీ దాచాను. అన్నట్టు మా కాలనీ గ్రూపులో చాలామంది వచ్చే వేసవికి మీ యూరప్ టూరే అనుకుంటున్నారు. వాళ్లకు నేనింకా ఏమీ చెప్పలేదు.

ఇట్లు,
మీ పాత కస్టమర్