టేపు రైతు చేతిలో ఉన్నప్పుడు

సంపాదకుడు గారికి,

ఏటా ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవ సభల్లో, ప్రజలకు శాస్త్రంపై నమ్మకం సన్నగిల్లుతోందని వక్తలు వాపోవడం, వేదిక దిగాక ఆ సంగతి మరచిపోవడం మామూలైపోయింది. కొలిచే పనిలో ప్రజలకు భాగమిస్తే ఆ నమ్మకం ఎలా కుదురుతుందో మన జిల్లా ఒకప్పుడు చూసింది.

సుమారు ఇరవై ఏళ్ల కిందట ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, ఉమ్మడి చిత్తూరు సహా ఏడు కరువు జిల్లాల్లో, రైతులే భూగర్భజలాలను కనిపెట్టుకునే పథకం ఒకటి నడిచింది. ఆడా మగా రైతులు ఊళ్లో వర్షమాపకం పెట్టుకుని వాన కొలిచారు. పరిశీలన బావుల్లోకి టేపు వదిలి నీటిమట్టం చూశారు. బోరు నీటిని డ్రమ్ములోకి వదిలి, అది నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, గంటకు ఎన్ని లీటర్లు పోస్తున్నదో లెక్కగట్టారు. ఆ అంకెలను దారినపోయే ప్రతి ఒక్కరికీ కనబడేలా గోడమీద రాశారు. రబీకి ముందు అంతా ఒకచోట కూర్చుని, భూమిలో ఉన్న నీరెంత, వేయదలచిన పైర్లకు కావలసినదెంత అని సరిచూసుకున్నారు. ఫలానా పంటే వేయాలన్న ఆంక్ష ఎవరూ పెట్టకపోయినా, నీరు చాలదని తేలిన ఊళ్లలో వరి తగ్గించి ఆరుతడి పైర్లకు మళ్లిన రైతులున్నారు. వరి వేయవద్దని అధికారి చెబితే సందేహించే రైతు, తాను వదిలిన టేపు మీది తడి గుర్తును ఎలా కాదంటాడు?

సామాన్యుల కొలతల్లో తప్పులు దొర్లవా అన్న ప్రశ్న న్యాయమైనదే. 2002లో మొదలైన ఈబర్డ్ అనే ఆన్‌లైన్ వేదికలో ఔత్సాహికులు నమోదు చేసే పక్షుల వివరాల్లో వింతగా తోచినవాటిని ఆ ప్రాంతపు అనుభవజ్ఞులు తిరిగి పరిశీలిస్తారు. అటువంటి ఏర్పాటు ఇక్కడా చేసుకోవచ్చు. దీనికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. ఊరివాళ్లతో కొలిపించుకుని, పత్రం అచ్చయ్యాక మళ్లీ ఆ ఊరి ముఖం చూడని పరిశోధన ఉన్న నమ్మకాన్ని కూడా పోగొడుతుంది. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో నీరు సురక్షితమేనని అధికారులు చెబుతూ ఉండగా, 2015లో అక్కడి కుటుంబాలు తమ కుళాయిల నుంచి పట్టి పంపిన నమూనాల్లో సీసం బయటపడింది. వాటిని పరీక్షించిన వర్జీనియా టెక్ పరిశోధకులు ఫలితాలను దాచకుండా వెల్లడించారు. ఏలినవారికి ఇబ్బంది కలిగించే అంకెను కూడా అలా బయటపెట్టగలగాలి.

తిరుపతిలో ఎస్వీ విశ్వవిద్యాలయం, ఐఐటీ, శాస్త్ర విద్యా పరిశోధనా సంస్థ ఐసర్ ఉన్నాయి. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధనశాల ఉంది. ఈ సంస్థలు, తిరుపతి, చిత్తూరు జిల్లాల యంత్రాంగాలు కలిసి ప్రతి ఉన్నత పాఠశాలకు ఒక వర్షమాపకం (దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకూడదన్న షరతుతో), ప్రతి ఊరికి ఒక పరిశీలన బోరు ఏర్పాటు చేసి, కొలతలను గ్రామ సచివాలయం గోడమీద రాయించాలి. 2021 నవంబరు వరదలు చూసిన స్వర్ణముఖి పరీవాహక మండలాల్లోనైనా, అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు రాకముందే ఈ పని మొదలుపెట్టవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తిరుపతి